కచేరీలు రికార్డు చేయడానికి ఏ రికార్డర్ కొనాలి?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు చెబుతాను. మీ ఊళ్ళో ఏటా పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన, శ్రీరామనవమికి పందిట్లో కచేరీలు, హరికథలు జరుగుతాయి. వాటిని పద్ధతిగా రికార్డు చేసి దాచాలనుకుంటున్నారు. ఇంతవరకు ఫోన్‌తో చేస్తే పాట కంటే హాలు మోతే ఎక్కువగా వినిపిస్తోంది. అమెరికా నుంచి వచ్చే మీ తమ్ముడు 32 బిట్ ఫ్లోట్ (లెవెల్‌ని తర్వాత కూడా సరిచేసుకోగల రకం) రికార్డర్ తెస్తానన్నాడు. అది తెప్పించుకుంటే చాలా, ఇంకేమైనా చూడాలా, ఏ మోడల్ మంచిది అని అడిగారు.

నా సలహా ఇది. పైన సొంత మైకులు రెండు, కింద ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైకు వైరు తగిలే) ఇన్‌పుట్లు రెండు ఉండి, నాలుగు ట్రాకులూ (నాలుగు శబ్దాలు విడివిడిగా) ఒకేసారి రికార్డు చేసే చేతి రికార్డర్ కొనండి. 32 బిట్ ఫ్లోట్ ఉంటే సంతోషం, లేకపోయినా పర్వాలేదు. ఆ రెండు ఇన్‌పుట్లు లేకపోతే మాత్రం మీ అవసరానికి అది సగమే పనికొస్తుంది. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మే సైట్లలో గానీ విదేశీ వీడియోల్లో గానీ మన కచేరీల సంగతి ఎవరూ చెప్పరు.

మన సభల్లో మైక్ సెట్ లేని కచేరీ ఇప్పుడు దాదాపు లేదు. యాభై మంది కూర్చునే గదిలో కూడా గాత్రానికి ఒక మైకు, వయొలిన్‌కి ఒకటి, మృదంగానికి ఒకటో రెండో, ఘటం ఉంటే ఇంకొకటి పెడతారు. కాబట్టి శ్రోతల మధ్యలో మీరు పెట్టే రికార్డర్‌కి చేరేది విద్వాంసుడి గొంతు కాదు, స్పీకర్ బాక్సు గొంతు. అది గోడలకు, రేకుల కప్పుకు తగిలి తిరిగొచ్చే మోత కూడా దానికి తోడు. మీ ఫోన్ రికార్డింగుల్లో వినిపిస్తున్నది అదే. రికార్డర్ ఎంత ఖరీదైనదైనా అదే చోట పెడితే అదే మోతను మరింత స్పష్టంగా పడుతుంది.

అయితే మిక్సర్ నుంచి నేరుగా వైరు లాగితే సరిపోతుందా అంటే, అదీ సరిపోదు. మృదంగం శబ్దం సహజంగానే హాలు నిండా వినిపిస్తుంది కాబట్టి ఆపరేటర్ దాని మైకును బాగా తగ్గించి ఉంచుతాడు. గాత్రం వినపడాలి కాబట్టి దాన్ని పెంచుతాడు. హాల్లో కూర్చున్నవాళ్ళకు రెండూ కలిసి సరిగ్గానే ఉంటాయి. కానీ మిక్సర్ నుంచి వచ్చే సిగ్నల్ మాత్రమే వింటే గొంతు చెవిలో పాడినట్టు, మృదంగం పక్క వీధిలో వాయించినట్టు ఉంటుంది. చప్పట్లు, భళా అన్న మాటలు, తాళం వేస్తున్న చేతులు ఏవీ ఉండవు. హరికథలో ఈ లోటు మరీ బాగా తెలుస్తుంది. దాసుగారి మాట మైకులో పడుతుంది గానీ గజ్జెల చప్పుడు, చిడతలు, ఆయన వేదిక మీద ఆ పక్క నుంచి ఈ పక్కకు తిరిగే కదలిక మిక్సర్‌కి అందవు. అవన్నీ రికార్డర్ సొంత మైకులే పట్టాలి.

అందుకే నాలుగు ట్రాకులు అంటున్నాను. రెండింటిలో మిక్సర్ సిగ్నల్, రెండింటిలో వేదిక ముందు గాలిలో ఉన్న శబ్దం. ఇంటికొచ్చాక రెండూ ఎంత పాళ్ళలో కలపాలో మీరే నిర్ణయించుకోవచ్చు. రెండు వేరువేరు రికార్డర్లతో ఇదే పని చేయొచ్చు కదా అని అడిగేవాళ్ళుంటారు. చేయొచ్చు. కానీ ఏ రెండు యంత్రాల లోపలి గడియారాలూ ఒకేలా నడవవు. వాటి మధ్య పది లక్షల్లో ఇరవై వంతుల తేడా ఉన్నా గంటకు 72 మిల్లీసెకన్లు జరిగిపోతుంది. మూడు గంటల కచేరీలో తని ఆవర్తనం (మృదంగం, ఘటం మాత్రమే విడిగా వాయించే భాగం) వచ్చేసరికి ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది. దాన్ని సరిచేయడం పెద్ద తలనొప్పి. ఒకే యంత్రంలో నాలుగు ట్రాకులుంటే ఆ గొడవే ఉండదు.

ఇప్పుడు కొనేటప్పుడు చాలామంది చూడని విషయం: ఆ ఇన్‌పుట్లు లైన్ లెవెల్‌ని, అంటే మిక్సర్ నుంచి వచ్చే పెద్ద సిగ్నల్‌ని, తట్టుకుంటాయా లేదా. మైకు నుంచి వచ్చే వోల్టేజీ చాలా చిన్నది, మిల్లీవోల్టుల్లో ఉంటుంది. ప్రొఫెషనల్ మిక్సర్ మెయిన్ అవుట్‌పుట్ మామూలు స్థాయి 1.23 వోల్టులు, ఆర్‌సీఏ (ఎరుపు, తెలుపు గుండ్రటి) సాకెట్లున్న టేప్ అవుట్ లేదా రెక్ అవుట్, అంటే రికార్డింగ్ కోసం ఇచ్చే అవుట్‌పుట్, అయితే 0.3 వోల్టుల చుట్టుపక్కల. మైకు కోసం చేసిన ఇన్‌పుట్‌కి 1.23 వోల్టులు ఇస్తే గెయిన్ (వచ్చే సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే అమరిక) సున్నాకి తెచ్చినా చాలాసార్లు శబ్దం చిట్లిపోతుంది. తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ అది బాగుపడదు. కొన్ని రికార్డర్లలో ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్నులకు మైకు మాత్రమే, మధ్యలోని పావు అంగుళం జాక్‌కి మాత్రమే లైన్ ఇవ్వాలి. కొన్నిటిలో మైక్, లైన్ అని స్విచ్చి ఉంటుంది. కొన్నిటిలో సిగ్నల్‌ని 20 డెసిబెల్స్ తగ్గించే ప్యాడ్ ఉంటుంది. కొనేముందు మాన్యువల్ డౌన్‌లోడ్ చేసుకుని ఇన్‌పుట్ల పేజీ చదవండి. ఆ ఒక్క పేజీ పది రివ్యూ వీడియోల కంటే ఎక్కువ చెబుతుంది.

దీనితోపాటే ఇంకొక జాగ్రత్త. మిక్సర్ అవుట్‌పుట్‌ని రికార్డర్‌కి కలిపేటప్పుడు ఫాంటమ్ పవర్ కచ్చితంగా ఆపేసి ఉండాలి. అది కండెన్సర్ మైకులకు రికార్డర్ పంపే 48 వోల్టులు. మిక్సర్ అవుట్‌పుట్ లోకి అది వెళితే ఎదుటివాళ్ళ సామాను పాడవచ్చు, మళ్ళీ మీకు ఎవరూ వైరు ఇవ్వరు.

మైక్ సెట్ వాళ్ళతో ఎలా మాట్లాడాలి అన్నది కూడా రికార్డర్ ఎంపికలో భాగమే అని నా నమ్మకం. కచేరీ మొదలవడానికి ఐదు నిమిషాల ముందు వెళ్ళి వైరు ఇవ్వమంటే ఎవరైనా విసుక్కుంటారు. సెట్ బిగిస్తున్నప్పుడే వెళ్ళండి. మీ కేబుళ్ళు మీరే తీసుకెళ్ళండి: ఎక్స్‌ఎల్‌ఆర్ రెండు, పావు అంగుళం జాక్ నుంచి జాక్‌కి రెండు, ఆర్‌సీఏ నుంచి పావు అంగుళానికి ఒక జత. వీలైతే రెక్ అవుట్ కాకుండా ఒక ఆక్స్ (మిక్సర్లో విడిగా ఇంకో మిశ్రమం పంపే అవుట్‌పుట్) ఖాళీగా ఉందేమో అడగండి, అదీ ప్రీ ఫేడర్‌లో, అంటే ఆపరేటర్ జరిపే లెవెల్ మీటల (ఫేడర్ల) ప్రభావం పడకుండా. చాలా మిక్సర్లలో రెక్ అవుట్ మెయిన్ ఫేడర్ తర్వాత నుంచి వస్తుంది. హాల్లో మైకు కుయ్యిమన్నప్పుడల్లా ఆపరేటర్ మెయిన్ తగ్గిస్తాడు, మీ రికార్డింగ్‌లో పాట కూడా తగ్గిపోతుంది. ప్రీ ఫేడర్ ఆక్స్‌కి ఆ బాధ లేదు. పైగా అందులో మృదంగాన్ని, వయొలిన్‌ని మీకు కావలసినంత విడిగా పెంచి పంపించవచ్చు. ఓపికున్న ఆపరేటర్ దొరికితే ఆ రోజు మీ అదృష్టం. చిన్న సెట్లలో మిక్సర్ మోనోలోనే నడుపుతుంటారు, అలాంటప్పుడు ఒక్క వైరు చాలు.

వైరు తగిలించగానే గుయ్యిమని హమ్ వస్తే అది కరెంటు 50 హెర్ట్జ్ శబ్దం, రెండు పరికరాల ఎర్తింగ్ మధ్య తేడా వల్ల వస్తుంది. రికార్డర్‌ని ఛార్జర్ మీద కాకుండా బ్యాటరీ మీద నడిపితే చాలాసార్లు పోతుంది. పోకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు లేదా ఐసొలేటర్ (రెండు పరికరాల ఎర్తింగ్ కలవకుండా సిగ్నల్‌ని మాత్రమే పంపే చిన్న పెట్టె) మధ్యలో పెట్టాలి. ఒకటి కొని సంచిలో ఉంచుకోండి. జనరేటర్ మీద నడిచే పందిళ్ళలో దాని అవసరం తప్పక వస్తుంది.

సొంత మైకుల సంగతికొస్తే, రెండు మైకులు ఒకదానిమీద ఒకటి కత్తెరలా ఉండే అమరికను ఎక్స్‌వై అంటారు. ముందున్న శబ్దాన్ని ఎక్కువగా, వెనక శ్రోతలను తక్కువగా పడుతుంది. మన హాళ్ళకు ఇది నప్పుతుంది. ఓమ్ని మైకులు, ఉదాహరణకు టాస్కామ్ డీఆర్ 05ఎక్స్ అనే రికార్డర్లో ఉన్నవి, అన్ని వైపుల నుంచీ సమానంగా పడతాయి. చక్కటి చెక్క వేదిక ఉన్న హాల్లో మైక్ సెట్ లేకుండా జరిగే చాంబర్ కచేరీకి అవి చాలా బాగుంటాయి, మృదంగం తొప్పి (మంద్రంగా పలికే ఎడమ వైపు) గుంభనంగా వినిపిస్తుంది. రేకుల షెడ్డులో మాత్రం వద్దు.

మీ ఉత్సవంలో సన్నాయి మేళం కూడా ఉంటే మైకు ఎంత పెద్ద శబ్దం తట్టుకుంటుందో చూడండి. జూమ్ కంపెనీ రికార్డర్లలో హెచ్1ఎన్ మైకులు 120 డెసిబెల్స్ దాకా, జూమ్ హెచ్5తో వచ్చే మైకులు 140 దాకా తట్టుకుంటాయని కంపెనీ లెక్క. గాత్ర కచేరీకి 120 చాలు. సన్నాయి, డోలు మీటరు దూరంలో ఉంటే చాలవు. అక్కడ దూరం జరగడమే మార్గం. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది.

ఇక మీ తమ్ముడు చెప్పిన 32 బిట్ ఫ్లోట్. అది మంచి సాంకేతికతే. మామూలు రికార్డర్లో గెయిన్ మీరు పెట్టాలి, ఎక్కువ పెడితే పెద్ద శబ్దాల దగ్గర క్లిప్ అవుతుంది, అంటే చిట్లుతుంది. ఫ్లోట్ రికార్డర్లలో సాధారణంగా ఒకే సిగ్నల్‌ని రెండు స్థాయిల్లో డిజిటల్‌గా మార్చి కలుపుతారు, అందువల్ల రికార్డింగ్ అయ్యాక కూడా లెవెల్ పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. కానీ మైకు లోపలే శబ్దం చిట్లితే, లేదా మిక్సర్లోనే ఎర్ర లైట్లు వెలుగుతుంటే ఫ్లోట్ ఏమీ చేయలేదు. మిక్సర్ అవుట్‌పుట్‌ని మైకు ఇన్‌పుట్‌కి ఇచ్చినా అంతే. ఫ్లోట్ కొన్నాం కదా, ఇక ఏ తప్పూ జరగదు అనుకోవడం ప్రమాదం.

ఎవరికి ఫ్లోట్ తప్పకుండా పనికొస్తుంది అంటే, రికార్డు చేసే మనిషే తంబూరా పట్టుకుని వేదిక మీద కూర్చోవలసి వచ్చినప్పుడు, లేదా అతిథులను చూసుకుంటూ తిరగాల్సినప్పుడు. మీరు నిర్వాహకుల్లో ఒకరని రాశారు కాబట్టి మీకు అది ఉపయోగమే. రికార్డర్ పక్కనే కూర్చోగల మనిషి ఉంటే మామూలు 24 బిట్ రికార్డర్ హాయిగా సరిపోతుంది. పద్ధతి చెబుతాను. కచేరీ మొదటి వర్ణంలో అత్యధిక శబ్దం రికార్డర్ లెవెల్ మీటరులో మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర ఉండేలా పెట్టి, ఇక ముట్టుకోకండి. మీటరు చిన్నగా కదులుతోందని ఆలాపనలో గెయిన్ పెంచేవాళ్ళకు తని ఆవర్తనంలో మూల్యం తెలుస్తుంది. ముగింపు మోహరాలో మృదంగం, ఘటం కలిసి వాయించే శబ్దం అంతకుముందు ఆలాపనలో ఉన్నదానికి ఎన్నో రెట్లు. 24 బిట్‌లో తక్కువ లెవెల్లో రికార్డు చేసి తర్వాత పెంచుకోవడానికి బోలెడు చోటుంది.

ఆటో లెవెల్ (శబ్దాన్ని బట్టి రికార్డరే గెయిన్ మార్చేది) అని ఉండేదాన్ని మాత్రం ఎప్పుడూ పెట్టకండి. మీటింగులకు, ఇంటర్వ్యూలకు అది మంచిదే. కచేరీలో గాయకుడు ఊపిరి తీసుకున్నప్పుడల్లా తంబూరా శ్రుతి ఉప్పెనలా పైకి లేస్తుంది, మళ్ళీ పాట అందుకోగానే దిగిపోతుంది. ఫోన్ రికార్డింగుల్లో చికాకు పెట్టే విషయాల్లో ఇదొకటి. లో కట్ (మంద్ర శబ్దాలను తీసేసే అమరిక) కూడా ఆపేసి ఉంచండి. ఫ్యాన్ల గురగుర తగ్గుతుంది గానీ తొప్పి శబ్దం కూడా పలచబడవచ్చు. ఆ పని ఇంటి దగ్గర కంప్యూటర్లో, చెవితో వింటూ చేసుకోవచ్చు.

మోడళ్ళ పేర్లు అడిగారు. కొత్తది కొనాలంటే జూమ్ హెచ్4 ఎసెన్షియల్ నా మొదటి సూచన. ఎక్స్‌వై మైకులు, రెండు కాంబో ఇన్‌పుట్లు (ఎక్స్‌ఎల్‌ఆర్, పావు అంగుళం జాక్ రెండూ పట్టేవి), నాలుగు ట్రాకులు, 32 బిట్ ఫ్లోట్. ఇందులో గెయిన్ తిప్పాల్సిన పనే లేదు. మెనూని మాటల్లో చదివి వినిపించే సదుపాయం కూడా ఉంది. చూపు లేని సంగీత విద్యార్థులు, విద్వాంసులు సొంతంగా వాడుకోవడానికి ఇది చాలా మంచి విషయం. రెండోది టాస్కామ్ డీఆర్ 40ఎక్స్. ఇది 24 బిట్ మాత్రమే, కానీ మైకు, లైన్ ఎంపికకు బయటే స్విచ్చి ఉంది, మైకులను ఎక్స్‌వైగానో విడిగానో తిప్పుకోవచ్చు, రెండు ట్రాకులే వాడే రోజుల్లో తక్కువ లెవెల్లో ఇంకొక కాపీ కూడా రాస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో జూమ్ హెచ్5 మంచి స్థితిలో దొరికితే వదలకండి. మైకు ప్యాడ్లు, గెయిన్ చక్రాలు చేతికి అందేలా ఉంటాయి.

జేబులో పట్టేది చాలనుకునేవాళ్ళకు సోనీ పీసీఎం ఏ10, టాస్కామ్ డీఆర్ 07ఎక్స్, జూమ్ హెచ్1 ఎసెన్షియల్ ఉన్నాయి. గురువుగారి దగ్గర పాఠం, ఇంట్లో సాధన, చిన్న గదిలో కచేరీకి చక్కగా సరిపోతాయి. మీ పందిరికి కాదు. జూమ్ ఎఫ్3 గురించి కూడా ఎవరైనా చెబుతారు. అది అద్భుతమైన యంత్రం, లైన్ లెవెల్‌కి అసలు బెదరదు, కానీ దానికి సొంత మైకులు లేవు, ట్రాకులు రెండే. విడిగా మంచి కండెన్సర్ మైకుల జత కొనే ఉద్దేశం ఉంటే తప్ప దాని జోలికి పోవద్దు. అమెరికా నుంచి ఏది తెప్పించుకున్నా దాని వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి.

శాంప్లింగ్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలో) గురించి ఎక్కువ ఆలోచించకండి. 24 బిట్ రికార్డరైతే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. స్టీరియో గంటకు సుమారు 1 జీబీ, నాలుగు ట్రాకులైతే 2 జీబీ పైన. 96 పెడితే దానికి రెట్టింపు స్థలం పడుతుంది, పందిట్లో చేసిన రికార్డింగ్‌లో మీ చెవికి తెలిసే తేడా ఉండదు. ఎంపీ3లో నేరుగా రికార్డు చేయడం మాత్రం వద్దు. తక్కువ బిట్ రేటులో తంబూరా నాదం నీళ్ళలో ముంచి తీసినట్టు వినిపిస్తుంది, అసలు మళ్ళీ తిరిగి రాదు. మెమరీ కార్డు నమ్మకమైన దుకాణంలో కొని, మొదటిసారి రికార్డర్లోనే ఫార్మాట్ చేయండి.

రాత్రంతా జరిగే కార్యక్రమాలకు పవర్ బ్యాంకు వాడాలనుకుంటే ఇంట్లో ఒకసారి మూడు గంటలు పెట్టి చూడండి. రికార్డర్ చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది కాబట్టి కొన్ని పవర్ బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని వాటంతట అవే ఆగిపోతాయి. లోపల బ్యాటరీలు కూడా ఉంచితే రికార్డింగ్ ఆగదు. రీఛార్జబుల్ నికెల్ సెల్స్ వాడితే మెనూలో ఆ రకం ఎంచుకోండి, లేకపోతే ఛార్జి సూచిక తప్పు చూపిస్తుంది.

శ్రీరామనవమి అంటే చైత్రమాసం ఎండలు, వేదిక మీద పెడస్టల్ ఫ్యాన్లు తిరుగుతుంటాయి. ఆ గాలి నేరుగా మైకు మీద పడితే డబడబమని కొట్టే శబ్దాన్ని తర్వాత తీసేయలేరు. స్పాంజి తొడుగు హాల్లో చాలు, పందిట్లో బొచ్చు తొడుగు కావాలి. రికార్డర్‌తో పాటే కొనండి, తర్వాత చూద్దాంలే అనుకోకండి. అలాగే ఒక మైకు స్టాండు. కుర్చీ మీదో బల్ల మీదో పెడితే ప్రతి అడుగూ, ప్రతి కుర్చీ జరుపుడూ రికార్డవుతుంది.

ఎక్కడ పెట్టాలి అన్నదానికి నా అనుభవంలో మంచి చోటు వేదిక మధ్యలో, అంచుకు ఒకటిన్నర రెండు మీటర్ల ముందు, మైకులు విద్వాంసుల తల ఎత్తుకు కొంచెం పైన ఉండి కిందికి చూసేలా. స్పీకర్లు వేదికకు రెండు పక్కలా, ఆ చోటు కంటే శ్రోతల వైపుకు ఉంటే ఇంకా మంచిది, అప్పుడు మైకులకు స్పీకర్ల వెనక భాగమే కనిపిస్తుంది. మృదంగం ఒక పక్క, వయొలిన్ ఒక పక్క, మధ్యలో గొంతు, హెడ్‌ఫోన్‌లో వింటే కూర్చున్న తీరు కూడా తెలుస్తుంది. పంచరత్న సేవ రోజు మాత్రం పూర్తిగా ఈ మైకులనే నమ్ముకోండి. నాట నుంచి శ్రీరాగం దాకా ఐదు కృతులూ వేదిక నిండా కూర్చున్నవాళ్ళందరూ కలిసి పాడతారు, నాలుగైదు మైకుల మిక్సర్ సిగ్నల్‌లో దగ్గరగా కూర్చున్న ముగ్గురి గొంతులే వినిపిస్తాయి. ఆ రోజు స్టాండు ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం పైకి.

ఇంటికొచ్చాక నాలుగు ట్రాకులు కలిపేటప్పుడు ఒక చిన్న పని ఉంటుంది. శబ్దం గాలిలో మీటరుకు సుమారు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, వైరులో దాదాపు ఏమీ తీసుకోదు. రికార్డర్ విద్వాంసుడికి 3 మీటర్ల దూరంలో ఉంటే మైకు ట్రాకులు 9 మిల్లీసెకన్లు ఆలస్యంగా ఉంటాయి. ఉన్నవి ఉన్నట్టు కలిపితే గొంతు గొట్టంలోంచి వచ్చినట్టవుతుంది. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో మృదంగం దెబ్బ ఒకటి పట్టుకుని, మిక్సర్ ట్రాకును ఆ మేరకు ఆలస్యమయ్యేలా జరిపితే రెండూ ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి.

ఒక విషయం అడగలేదు గానీ చెప్పాలి. విద్వాంసుల అనుమతి ముందే తీసుకోండి. త్యాగరాజస్వామి కృతులకు కాపీరైట్ లేదు, కానీ పాడినవారికి, వాయించినవారికి వారి ప్రదర్శన మీద హక్కు ఉంది. మన 1957 కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రకారం ఆ హక్కు 50 ఏళ్ళు ఉంటుంది. సొంతంగా వినడానికి, బోధనకు, పరిశోధనకు చేసుకునే రికార్డింగ్‌కి 39వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. యూట్యూబ్‌లో పెట్టడం వేరే సంగతి. పిలిచేటప్పుడే ఉత్తరంలో రికార్డు చేస్తామని, ఎక్కడెక్కడ వాడతామో రాసి, ప్రధాన గాయకుడితో పాటు పక్కవాద్యాల వారి సంతకాలు కూడా తీసుకోండి. రికార్డింగ్ ప్రతి ఒకటి వాళ్ళందరికీ పంపండి. అది మర్యాద మాత్రమే కాదు, రేపు మీ కార్డు పాడైతే ఇంకొకరి దగ్గర ప్రతి ఉంటుంది.

రికార్డ్ బటన్ నొక్కగానే తేదీ, ఊరు, కళాకారులందరి పేర్లు మీ గొంతుతోనే చెప్పండి. ఫైలు పేరు మారిపోవచ్చు, కాగితం పోవచ్చు, ఆ మాట మాత్రం రికార్డింగ్‌తోనే ఉంటుంది. కార్డులోంచి రెండు వేరువేరు డ్రైవుల్లోకి కాపీ చేసి, తెరిచి విన్నాకే కార్డు ఖాళీ చేయండి. రికార్డర్ చేతికొచ్చాక ఆరాధన దాకా ఆగకండి. మీ ఊరి గుళ్ళో ఏ శనివారం భజనకైనా తీసుకెళ్ళి, అదే మైక్ సెట్ వాళ్ళ మిక్సర్‌కి తగిలించి, ఒక గంట రికార్డు చేసి చూడండి. ఏ కేబుల్ తక్కువైందో, ఏ లెవెల్ ఎక్కువైందో అప్పుడే తెలిసిపోతుంది. మిక్సర్ మోడల్ పేరు, వెనక సాకెట్ల ఫోటో ఇక్కడ పెడితే ఏ వైరు ఎందులోకి పోవాలో నేను చెబుతాను.